రాజుగారి గోల్ఫు మైదానంలో తుంగ

ఒక పెద్ద అడవిలో గడ్డి ఎవరిదన్న తగాదా ఏనాడూ రాలేదు. గడ్డి మేసేవాళ్లు మేసేవారు, ఆ మేసేవాళ్లని తినేవాళ్లు తినేవారు. ఇలా ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఉండగా, అడవికి రాజైన సింహం ఒకనాడు కొండెక్కి, అవతలి పక్క మనుషులు గోల్ఫు ఆడటం చూశాడు.

చూసి దిగొచ్చినవాడు ఊరుకుంటాడా?

"వాళ్లకి గోరూ లేదు, కోరా లేదు. అలాంటివాళ్లకే అంత పచ్చటి మైదానం ఉంటే, నాకు ఉండొద్దూ?" అన్నాడు.

వాగు పక్కన గరికబయలు ఒకటుంది. తాతల నాటి నుంచి కుందేళ్లు మేస్తున్న చోటు. మర్నాటికల్లా అది రాచమైదానం అయిపోయింది. ఎలుకల కలుగులు తొమ్మిదింటిని ఖాళీ చేయించి, బంతి పడే గుంతలు అన్నారు. వెలక్కాయ బంతి అయింది, చండ్రకొమ్మ కర్ర అయింది. మేత మాత్రం బంద్ అయింది.

కుందేళ్ల పెద్ద పేరు చెంగయ్య. ఇంట్లో ఆరుగురు పిల్లలు. నెల తిరక్కుండానే వాళ్లు చెట్ల బెరడు కొరుక్కు తినే స్థితికొచ్చారు. బెరడు తిన్న కడుపు నిండదు సరికదా, నొప్పెడుతుంది. రాత్రంతా పిల్లలు మూలుగుతుంటే విని విని, ఆఖరికి భార్య పోలమ్మ అంది: "సింహం నోరు పెద్దదే. కానీ పిల్లల ఆకలి అంతకంటే పెద్దది. వెళ్లి అడుగు."

చెంగయ్య వెళ్లాడు. ఆ పూట రాజుగారి వెలక్కాయ ఒక్క దెబ్బకే గుంతలో పడింది కాబట్టి ఆయన మంచి హుషారుగా ఉన్నాడు.

"గడ్డి సంగతి మీ కుందేళ్లకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? మైదానానికి నువ్వే తోటమాలివి," అన్నాడు. "కార్తీకంలో పడమటి అడవి పులిరాజు ఆటకొస్తున్నాడు. అప్పటికి మైదానం చాప పరిచినట్టు ఉండాలి. ఉంటే వాగు వెంబడి సగం బయలు మీ కుందేళ్లకి తిరిగిచ్చేస్తాను. లేదా, బెరడుకి అలవాటు పడండి."

చెంగయ్య నేలకి చెవులానించి దణ్ణం పెట్టి పనిలో దిగాడు.

పది రోజులు బాగానే జరిగింది. పదకొండో రోజు పొద్దున గరిక మధ్యలోంచి ఏదో మొక్క తల ఎత్తి చూసింది. మూడు పలకల కాడ, నిగనిగలాడే ఆకు. చెంగయ్య దాన్ని కొరికేశాడు. రెండ్రోజుల్లో గరిక కంటే బెత్తెడు ఎత్తున మళ్లీ లేచింది, ఈసారి పక్కన ఇద్దరు తమ్ముళ్లని వెంటేసుకుని.

తుంగ.

చెంగయ్య నేరుగా వరాలమ్మ దగ్గరికి పరిగెత్తాడు. వరాలమ్మ అంటే వాగు మలుపులో ఉండే ముసలి అడవిపంది. తుంగ గురించి ఆమెకి తెలియని ముక్క లేదు, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి ఆమె తిన్నది అదే.

"పిచ్చి అల్లుడూ, ఆకు కొరికితే తుంగ చస్తుందా?" అంది వరాలమ్మ. "దాని ప్రాణం కింద గడ్డలో ఉంటది. ఒక గడ్డకి ఇంకోటి, దానికి ఇంకోటి, దండలాగా. పైన పీకావనుకో, దండ తెగి ఒక్కో గడ్డా ఒక్కో మొక్కవుతది. పైగా దానికి నీళ్లంటే పండగ. నీళ్లు తగ్గించు, నన్ను పిలు. గడ్డ మిగలకుండా తవ్వి తినేస్తా. నాకు కూలీ కూడా అక్కర్లేదు."

"గరిక పాడవదా అత్తా?"

"గరికా? కణుపు ముక్క మిగిలితే చాలు, నెలలో మళ్లీ పాకుతది. దాని మీద జాలి పడకు."

చెంగయ్య ఈ మాట మోసుకెళ్లి దర్బారులో చెప్పాడు. అక్కడ నక్క ఉంది. నక్క రాజుగారి కార్యదర్శి.

"రాచమైదానం మీద పందా?" అంది నక్క, ముక్కు మీద వేలేసుకుని. "మహాప్రభో, రేపు పులిరాజుగారికి తెలిస్తే మన మర్యాద ఏం కాను? దీనికి పద్ధతి ఉంది. ఒక శాఖ పెడదాం."

అలా తుంగ నిర్మూలన శాఖ వెలిసింది. నక్క దానికి అధిపతి. పీకడానికి నలభై కొండముచ్చుల్ని వేశారు. వాటి మీద అజమాయిషీకి నక్క బావమరిది. శాస్త్రం చెప్పడానికి దూరదేశాలు తిరిగొచ్చిన కొంగ.

కొంగ మైదానం మధ్యలో ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు కళ్లు మూసుకుంది. "తృణశాస్త్రం ప్రకారం, గరిక బలహీనపడుట వలననే తుంగ విజృంభించుచున్నది," అంది. "కావున గరికకు రేయింబవళ్లు నీరు పెట్టవలెను."

"తుంగకి నీళ్లంటే ఇష్టమటండీ," అన్నాడు చెంగయ్య మెల్లగా.

"ఎవరు చెప్పారు?"

"వరాలమ్మత్త."

"ఆమె ఏం చదివింది?"

ఇక నాలుగు ఏనుగులు తొండాలతో పొద్దస్తమానం నీళ్లు చిమ్మాయి. మైదానం చిత్తడయింది, రాజుగారు కార్తీకందాకా ఆట మానేశారు. చిత్తడికి కప్పలు వచ్చాయి. కప్పలొచ్చాక కొంగగారు పరిశోధన కోసమని మైదానంలోనే మకాం పెట్టేశారు, నెలకల్లా మెడ చుట్టూ కండ కూడా పట్టింది.

కొండముచ్చులు పీకుతూనే ఉన్నాయి. వారం వారం నక్క దర్బారులో లెక్క చదివేది. "మొదటి వారం నూరు కాడలు పీకాం. రెండో వారం మూడు వందలు. ఈ వారం రెండు వేలు, మహాప్రభో. శాఖ సామర్థ్యం ఇరవై రెట్లు పెరిగింది."

సింహం తల పంకించి, నక్క మెడలో చెండుపూల దండ వేశాడు. పీకడానికి అన్ని కాడలు ఎక్కడి నుంచి వస్తున్నాయని దర్బారులో ఒక్కరూ అడగలేదు. అడగాలనుకున్న చెంగయ్యని నక్క పక్కకి పిలిచింది.

"చూడు చెంగయ్యా, నువ్వు మంచివాడివి కాబట్టి చెప్తున్నా. నలభై కుటుంబాలు ఈ తుంగని నమ్ముకుని బతుకుతున్నాయి. నీ పంది వచ్చి తినేస్తే వాళ్లందరూ ఏం కావాలి? నీకు దయాదాక్షిణ్యాలు లేవా?"

చెంగయ్యకి ఒళ్లు మండిపోయింది. తన పిల్లల పొట్టలు వీపులకి అంటుకుపోతుంటే దయ గురించి నక్క చేత చెప్పించుకోవాల్సి వచ్చింది కదా అని కుమిలిపోయాడు. అయినా కుందేలు నక్క ఎదుట నోరు పారేసుకోదు. ఇంటికి పోయి పోలమ్మ ఎదుట పారేసుకున్నాడు.

కార్తీకం రానే వచ్చింది. మైదానం నిండా మోకాలెత్తు తుంగ. గరిక అక్కడక్కడా భయం భయంగా కనపడుతోంది. మైదానం చూసిన సింహం జూలు నిక్కబొడుచుకుంది. ఈలోగా పులిరాజు రానే వచ్చాడు. కొట్టిన మొదటి వెలక్కాయ తుంగలో పడి మళ్లీ కనిపించలేదు.

"ఇదేం గడ్డి?" అన్నాడు పులిరాజు.

సింహం నక్క వైపు చూశాడు. ఆ చూపులో నక్కకి తన చర్మం ఎండలో ఆరేసినట్టు కనపడింది. అలాంటప్పుడే నక్క బుర్ర పాదరసంలా పనిచేస్తుంది.

"ఇది రాచతుంగ, మహాప్రభో. మా ఏలికగారు ఎంతో శ్రమపడి పెంచారు. బంతి ఎటు పోయిందో తెలియకపోవడమే ఈ ఆటలో గొప్పతనం. సామాన్యుల మైదానాల్లో ఈ సౌకర్యం ఉండదు."

పులిరాజుకి గోల్ఫు గురించి ఏమీ తెలియదు. కానీ తెలియదని ఏ రాజు ఒప్పుకుంటాడు? "అదే అనుకున్నాను," అని మీసం దువ్వి, "మరి మధ్యలో ఆ పొట్టిది?" అంటూ గరికని చూపించాడు.

"అది కలుపు, మహాప్రభో."

సింహం గొంతు సవరించుకుని అక్కడికక్కడే ఆజ్ఞ జారీ చేశాడు. ఇక నుంచి తుంగ రాచగడ్డి. దానికి తుంగ సంరక్షణ శాఖ. గరిక కలుపు. దానికి గరిక నిర్మూలన శాఖ. రెండింటికీ నక్కే అధిపతి.

సగం బయలు మాట దేవుడెరుగు, ఉన్న గరిక కూడా పోతోంది. చెంగయ్య చెవులు వేలాడేసుకుని వెనక్కి తిరిగాడు. నాలుగు గెంతులు వేశాక ఆగాడు. ఒక చెవి లేచింది. తర్వాత రెండోది. గిరుక్కున తిరిగొచ్చి, పులిరాజు ఇంకా అక్కడుండగానే, వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"మహాప్రభో, గరిక నిర్మూలన అంటే మాటలు కాదు. కొండముచ్చుల వల్ల కాదు. తరతరాలుగా గరిక మీద పగబట్టినవాళ్లు కావాలి. మా కుందేళ్లం ప్రాణాలొడ్డి, ఇంటిల్లిపాదీ, పొద్దున్నా సాయంత్రం, పళ్లతో కొరికి పారేస్తాం. పారెయ్యడం కూడా ఎందుకు, మింగేస్తాం."

"ఎంత రాజభక్తి," అన్నాడు పులిరాజు.

అతిథి మెచ్చాక సింహం కాదనలేడు. చెంగయ్య ఇంకో మాట కలిపాడు. "రాచతుంగ సంరక్షణకి కూడా దాని ఆనుపానులు తెలిసినవాళ్లు కావాలి కదండీ. వరాలమ్మత్తకి తుంగ అంటే ప్రాణం. దాన్ని ఎప్పుడూ కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది."

నక్క నోరు తెరిచింది. తెరిచి మూసుకుంది. పంది వద్దంటే, ఎందుకు వద్దో పులిరాజు ఎదుట చెప్పాలి. చెబితే, రాచతుంగ నిన్నటిదాకా కలుపన్న సంగతీ చెప్పాలి.

వరాలమ్మ మర్నాడే ఉద్యోగంలో చేరింది. కూడా బంధువులు పద్దెనిమిది మంది. అంత చిత్తశుద్ధితో పనిచేసిన ఉద్యోగులు ఆ అడవిలో అంతకు ముందు లేరు. నాలుగు నెలల్లో సంరక్షించడానికి ఒక్క గడ్డ మిగల్లేదు. కలుపుకి నీళ్లెందుకని ఏనుగుల్ని ఆపేశారు. కప్పల్లేవు కాబట్టి కొంగ విదేశాలకి వెళ్లిపోయింది. గరిక మాత్రం కుందేళ్లు కొరికినకొద్దీ నేలకి అంటుకుని, కణుపు కణుపునా వేరేసి, చాప పరిచినట్టు బయలంతా పాకింది.

ఒకరోజు సింహం దాన్ని చూసి నక్కని నిలదీశాడు. "రాచతుంగ ఏది? ఇంకా ఇంత గరిక ఉందేమిటి?"

నక్కకి లెక్క తెలుసు. గరిక పోతే శాఖ పోతుంది. "గరిక అడ్డు తొలగితేగానీ తుంగ లేవదు, మహాప్రభో. నిర్మూలన కార్యక్రమం జోరుగా సాగుతోంది. ఇంకో ఏడాది పొడిగించాలి."

ఏటా అలాగే పొడిగిస్తున్నారు. అర్జీ మాత్రం చెంగయ్యే రాసిస్తాడు. పిల్లలు బొద్దుగా, గుండ్రంగా తయారయ్యారు. "ఈ శాఖ ఎత్తేస్తారేమో," అని పోలమ్మ అప్పుడప్పుడూ దిగులు పడుతుంది. గరికని మళ్లీ రాచగడ్డి చెయ్యకుండా చూడమని కొండదేవరకి మొక్కుకుంటుంది కూడా.

నీతి: నీకు ఇష్టమైనది పదికాలాల పాటు పచ్చగా ఉండాలంటే, దాన్ని నిర్మూలించడానికి సర్కారు చేత ఒక శాఖ పెట్టించు.