రోగి వేషం

ఆ ఉదయం నెల్సీ అనుకున్నది ఒక్కటే: ఈసారైనా చేతులు వణక్కుండా పరీక్ష గట్టెక్కాలి. ఆగిన గుండెను మళ్ళీ నడిపించే శిక్షణలో ఆమె అప్పటికే రెండుసార్లు తప్పింది. మగంగే రేవు దగ్గర ఓ చిన్న ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా నర్సు. రోగి ముందు రాయిలా నిలబడుతుంది; పరీక్ష పెట్టేవాళ్ళు కాగితం తీశారంటే ఆకులా వణుకుతుంది.

కార్తహేనా నగరం నుంచి పాఠం చెప్పి పరీక్ష పెట్టడానికి డాక్టర్ పెర్తూస్ వచ్చాడు గానీ, రొమ్ము మీద నొక్కి నేర్చుకునే ప్లాస్టిక్ బొమ్మ రాలేదు. అది ఎక్కిన పడవ వేరే రేవుకి పోయిందట. పాఠం ఆగకూడదని ఆయన వాచ్‌మన్ తూలియోని నేల మీద పడుకోబెట్టాడు. అతన్ని నొక్కినట్టు నటించాలి, నొక్కకూడదు. కదలకుండా పడుకోవడం తూలియోకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

"ఇక లాభం లేదు, ఆపేద్దాం అని ఎప్పుడంటామంటే..." అని డాక్టరు వివరిస్తుండగా, మొగుడు తూలియోకి మొక్కజొన్న రొట్టెలు తెచ్చిన ఎనెయ్దా కిటికీ దగ్గర నిలబడి మొదటి సగమే విన్నది. ఆమె కేకకి బజారు బజారంతా కదిలింది. పావుగంటలో, లోపల పాఠం ఇంకా సాగుతుండగానే, ఆమె ఫాదర్‌ని వెంటబెట్టుకొచ్చింది. శవపేటికలు చేసే వడ్రంగి వచ్చి కొలతకని తూలియో మీద టేపు పరిచాడు. చక్కిలిగింత పుట్టి తూలియో లేచి కూర్చున్నాడు.

"సిగ్గుందా నీకు?" అంది ఎనెయ్దా కళ్ళు తుడుచుకుంటూ. "ఫాదర్‌ని ప్రార్థన మధ్యలోంచి లాక్కొచ్చాను. ఇప్పుడాయనకి ఏం చెప్పను?"

గుంపుకి సర్దిచెప్పడానికి డాక్టరు మండుటెండలోకి పరుగెత్తాడు. రెండు ముక్కలు మాట్లాడి, మూడోది నోట్లో ఉండగానే కుప్పకూలాడు. జనం చప్పట్లు కొట్టారు. తూలియో కంటే ఈయనే బాగా నటిస్తున్నాడని వడ్రంగి మెచ్చుకున్నాడు.

నెల్సీ ఆయన మెడ మీద వేళ్ళు పెట్టింది. నాడి లేదు.

"ఇది పాఠం కాదు. షాక్ మిషన్ తెండి," అంది. గొంతు పెంచలేదు. రొమ్ము మధ్య రెండు చేతులూ ఆనించి నొక్కడం మొదలుపెట్టింది. పెద్దాయన, మెల్లిగా నొక్కమని ఎవరో అన్నారు, వినిపించుకోలేదు. మిషన్ రాగానే అందర్నీ దూరం జరిపి షాకిచ్చింది, మళ్ళీ నొక్కింది, మళ్ళీ ఇచ్చింది. రెండో షాక్ తర్వాత ఓ నిమిషానికి డాక్టరు మూలిగి, ఆమె చేతిని నెట్టేశాడు.

మూడోరోజు ఆమె డాక్టరు మంచం దగ్గర తలొంచుకుని నిలబడింది.

"రెండు పక్కటెముకలు విరగ్గొట్టావమ్మా," అన్నాడాయన.

"క్షమించండి, డాక్టరు గారూ."

"అంత గట్టిగా నొక్కకపోతే నిన్ను మళ్ళీ ఫెయిల్ చేసేవాణ్ణి. ఫెయిల్ చేయడానికి నేనుండేవాణ్ణి కాదనుకో."

మిగతా పాఠాలు ఆయన మంచం మీంచే చెప్పాడు. నెల్సీ ఎదురుగా ఉండగా రెప్ప వాల్చే ధైర్యం మాత్రం చేయలేదు.