గుడ్ మార్నింగ్ చెప్పని ఫాస్ట్ బౌలర్

ఆ శనివారం ఎల్కానా ఇన్నిస్ కళ్ళు తెరుస్తూనే నోరు గట్టిగా మూసుకున్నాడు. ఆ రోజు మ్యాచ్‌లో ప్రత్యర్థులైన స్టోనీ గట్ జట్టులో మొదటి వికెట్ పడేదాకా ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకూడదన్నది అతని పథకం.

దానికి కారణం గురువారం జరిగిన అవమానం. క్లే పిట్ ఊరి జట్టుకు పద్నాలుగేళ్ళుగా కొత్త బంతి వేస్తున్నవాడు ఎల్కానా. అలాంటివాణ్ణి ప్రాక్టీసు అయ్యాక కెప్టెన్ లిస్టన్ పక్కకు పిలిచాడు.

"నీ బంతిలో వేగం తగ్గలేదురా. కానీ నిన్ను చూస్తే భయం వెయ్యట్లేదు."

"ఎవరికి?"

"ఎవరికీ. వారమంతా పోస్ట్‌మన్‌గా ఊరూరా తిరుగుతావు. ప్రతి గుమ్మంలో నిలబడి గుడ్ మార్నింగ్ అంటావు, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయంటావు. శనివారం అదే మొహంతో బౌన్సర్ వేస్తే ఎవడు జడుసుకుంటాడు? ఫాస్ట్ బౌలర్ పరిగెత్తుకొస్తుంటే అవతలివాడికి పెళ్ళాం పిల్లలు గుర్తు రావాలి. నువ్వొస్తుంటే ఉత్తరాలు గుర్తొస్తున్నాయి! ఈ వారం కూడా ఎవడూ వెనక్కి అడుగెయ్యకపోతే కొత్త బంతి జోరాన్‌కిచ్చేస్తా."

జోరాన్‌కు ఇరవై ఏళ్ళు. వాడికి రోడ్డు మీద ఎదురైన ముసలమ్మకు దారివ్వడం కూడా తెలియదు. ఆ గుణమే అర్హతయిపోయిందన్నమాట! ఎల్కానాకు ఒళ్ళు మండిపోయింది. సరే, మర్యాద లేనితనమే కావాలంటే అదెంత పని అనుకున్నాడు.

పొద్దున వంటింట్లో అతని తల్లి డోర్కాస్ ఎగిరే చేపలు వేయిస్తూ, "గుడ్ మార్నింగ్ నాన్నా" అంది. ఎల్కానా కనుబొమలు ముడిచి, చేపలు తిని, కిట్ బ్యాగు భుజాన వేసుకున్నాడు.

"ఏరా, గొంతు నొప్పా?"

జవాబు లేదు. గుమ్మం దాటుతుంటే వీపుకు ఆమె చూపు తగిలింది. కాస్త చివుక్కుమంది. అయినా పథకం పథకమే. సాయంత్రం నచ్చజెప్పుకోవచ్చు అనుకున్నాడు.

బార్బడోస్‌లో బస్సెక్కి అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పకపోవడమంటే చొక్కా లేకుండా చర్చికి వెళ్ళినంత పని. ఎల్కానా ఎక్కాడు, ఎవరి వంకా చూడకుండా వెళ్ళి కూర్చున్నాడు. బస్సంతా మూగబోయింది. పనిచేస్తోందిరా అనుకుని అతను దవడలు ఇంకాస్త బిగించాడు.

వెనక సీట్లో స్టోనీ గట్‌కు చెందిన యూలాలీ ఉంది. ఆ ఊరి చర్చి గాయక బృందానికి ఆమె పెద్ద. ఆమె ముందుకు వంగింది.

"ఎల్కానా, నాయనా, ఏమైంది?"

మౌనం.

"ఇంట్లో అంతా కులాసానా?"

మౌనం.

యూలాలీ గొంతు సన్నబడింది. "అమ్మ... అమ్మ బాగుందా?"

ఎల్కానా పథకం ప్రకారం పళ్ళు కొరికి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

యూలాలీ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. డోర్కాస్ పెంచిన బిడ్డ పలకరింపు మరిచాడంటే మామూలు సంగతి కాదు. ఆమె ఇస్త్రీ చేసిన చేతిరుమాలొకటి అతని చేతిలో కుక్కి, భుజం నిమిరి, తన స్టాపులో దిగిపోయింది. ఈ రుమాలెందుకో ఎల్కానాకు అర్థం కాలేదు. అడుగుదామంటే నోరు విప్పకూడదు. మైదానం స్టాపులో దిగి, చెట్టు కింద ఒంటరిగా కూర్చుని, మ్యాచ్ వేళ దాకా గేటు వంక గుర్రుగా చూస్తూ ఉండిపోయాడు.

ఈలోగా యూలాలీ రొట్టెల దుకాణంలో చెప్పింది. దుకాణంలోవాళ్ళు మంగలి షాపులో చెప్పారు. "రేడియోలో చావు కబుర్లలో చదవలేదే?" అని ఎవరో సందేహపడితే, "ఇంకా వేడి వేడిగా ఉంటే ఎలా చదువుతారు? పిల్లాడు నోట మాట లేకుండా తిరుగుతున్నాడు పాపం" అన్నారు. పన్నెండున్నరకు స్టోనీ గట్ పదకొండు మందీ జబ్బలకు నల్ల గుడ్డలు కట్టుకుని మైదానంలోకి వచ్చారు. పాత గొడుగొకటి అందుకు బలయింది.

వాళ్ళ కెప్టెన్ ఫిట్జరాయ్ బ్లెన్‌మన్ తిన్నగా వచ్చి ఎల్కానాను కావలించుకున్నాడు. అందరూ ఒక నిమిషం తలలు వంచుకుని నిలబడ్డారు. వీళ్ళ ఊరి పెద్దెవరో పోయినట్టున్నారనుకుని ఎల్కానా కూడా నిష్ఠగా తల వంచాడు. అది చూసి ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు.

మ్యాచ్ మొదలైంది. ఎల్కానా ఉరుములా పరిగెత్తుకొచ్చి మొదటి బంతిని ఫిట్జరాయ్ పక్కటెముకలకు గురిపెట్టాడు. అది ధబ్‌మని తగిలింది. ఎల్కానా అతని ముందుకు వెళ్ళి నడుం మీద చేతులేసుకుని, రెప్ప వెయ్యకుండా చూశాడు.

ఫిట్జరాయ్ పక్కటెముక రుద్దుకుంటూ ఆప్యాయంగా నవ్వాడు. "పర్లేదు తమ్ముడూ. లోపలే దాచుకోకు. ఇంకోటి వెయ్యి, బరువు తగ్గుతుంది."

రెండోది ముక్కు పక్కనుంచి వెళ్ళింది. "అదీ! అలా కక్కెయ్యాలి!" అన్నాడు ఫిట్జరాయ్.

కోపంతో మూడో బంతి చెయ్యి జారి, బ్యాట్ మీదికే మెత్తగా వెళ్ళింది. పసిపిల్లాడైనా దాన్ని బౌండరీ దాటిస్తాడు. ఫిట్జరాయ్ బ్యాట్ ఎత్తి, బంతిని గౌరవంగా వదిలేశాడు. ఫాస్ట్ బౌలర్‌ను కొట్టవచ్చు, తిట్టవచ్చు. జాలిపడటానికి వీళ్ళెవరు? ఎల్కానా చెవులు ఎర్రబడ్డాయి. మూడు ఓవర్లయ్యాయి. ఒక్కడూ వెనక్కి అడుగెయ్యలేదు సరికదా, ఓవరు కాగానే అవతలి జట్టువాళ్ళే వచ్చి మంచినీళ్ళు పట్టారు.

లిస్టన్ బంతి లాక్కున్నాడు. "ఇక చాలు. ఈ రోజు ఎవరూ నిన్ను ఏమీ అనరులే. పోయి కూర్చో."

ఎల్కానా పథకం గాలికి పోయింది. "ఏంటిదంతా? ఈ నల్లగుడ్డలేంటి? వీళ్ళలో ఎవడు చచ్చాడు?"

ఫిట్జరాయ్ మెల్లగా దగ్గరికొచ్చాడు. "తమ్ముడూ... మీ అమ్మ కదా. నీకు... నీకు ఇంకా తెలీదా?"

ఎల్కానా పిచ్ మీదే కూర్చుండిపోయాడు. పొద్దున చేపలు వేయించింది. నవ్వుతూ పలకరించింది. తను తిరిగి పలకరించలేదు. ముప్ఫై మూడేళ్ళలో ఒక్క రోజు పలకరించలేదు, అది ఈ రోజు. సాయంత్రం ఉందిగా అనుకున్నాడు. నాన్న కూడా ఓ పొద్దున ఏమీ చెప్పకుండానే ఓడెక్కి వెళ్ళిపోయాడని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో! అతను గడ్డి పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఫిట్జరాయ్ కూడా అతని పక్కనే కూలబడ్డాడు.

అప్పుడే గేటు దగ్గర కలకలం రేగింది. ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీతో, గొడుగును కర్రలా నేలకు పొడుస్తూ డోర్కాస్ వస్తోంది. వెనక యూలాలీ, పరామర్శకు తెచ్చిన కేకులు పట్టుకున్న మరో ఇద్దరు ఆడవాళ్ళు తలలు దించుకుని నడుస్తున్నారు. స్లిప్‌లోని ఫీల్డరు ఒకడు దయ్యమనుకుని గోడ దూకి పారిపోయాడు.

అంపైర్ అడ్డం వెళ్ళాడు. "ఆంటీ, మ్యాచ్ జరుగుతోంది."

"ఇక్కడ నా చావు జరుగుతోంది! మీ మ్యాచ్ కాసేపు ఆగుతుందిలే!" ఆమె పిచ్ మధ్యలోకి వచ్చేసింది. "మా ఇంటికే వచ్చి, తలుపు తీసిన నన్నే అడిగారు, పాపం ఎప్పుడు పోయిందని! ఏరా, బస్సులో నోరు పడిపోయిందా? పొద్దున నాకు గుడ్ మార్నింగ్ చెప్పావా?"

ఎల్కానా ఏడుస్తూనే లేచి ఆమెను వాటేసుకున్నాడు. "గుడ్ మార్నింగ్ అమ్మా. గుడ్ మార్నింగ్."

"ఒంటిగంటకు మార్నింగేంటిరా? వదులు, టోపీ నలుగుతోంది." ఆమె కళ్ళు కూడా చెమ్మగిల్లాయి గానీ కోపం దిగలేదు. "ఇక్కడున్న ప్రతివాడికీ పేరు పెట్టి చెప్పు. ఎవణ్ణీ వదలకు. నేనిక్కడే కూర్చుని వింటుంటా." ఆమె బౌండరీ దగ్గర కుర్చీ వేయించుకుంది.

"ఒక్క ఓవరు లిస్టన్" అన్నాడు ఎల్కానా. లిస్టన్ కుర్చీ వైపు, గొడుగు వైపు చూసి బంతి తిరిగి ఇచ్చేశాడు.

ఎల్కానా ముక్కు తుడుచుకుని బ్యాట్స్‌మన్ ముందుకు నడిచాడు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, మిస్టర్ బ్లెన్‌మన్. ఇంట్లో అందరూ బాగున్నారా?"

"బాగానే... ఎందుకు?"

"చిన్నమ్మాయికి పన్ను ఊడిందట కదా. జాగ్రత్త." తల వంచి, వెనక్కి నడిచి, పరిగెత్తుకొచ్చి గడ్డం కింద గాలి కోసుకుపోయేలా బంతి వేశాడు. మళ్ళీ వచ్చాడు. "మీ ఆవిడ ఈ వారం కూడా వాళ్ళ చెల్లెలికి ఉత్తరం రాశారు. చాలా మంచావిడ." ఫిట్జరాయ్ నుదుట చెమట పట్టింది. వీడికి మా ఇంటి సంగతులన్నీ ఎందుకు? తర్వాతి బంతి రాకముందే అతను వెనక్కి రెండడుగులు వేశాడు. బంతి వచ్చి మిడిల్ స్టంపు లేపేసింది.

"థాంక్యూ, మిస్టర్ బ్లెన్‌మన్. గుమ్మం దాకా దిగబెట్టనా?"

తర్వాత వచ్చినవాళ్ళకు నడక కూడా సరిగా సాగలేదు. ఒకణ్ణి కొత్త కంచె బాగా నిలబడిందా అని అడిగాడు. ఒకణ్ణి వాళ్ళ నాయనమ్మ నడుంనొప్పి గురించి అడిగాడు. ఒకడైతే గుడ్ ఆఫ్టర్‌నూన్ వినపడగానే స్టంపులు తనే తన్నుకున్నాడు. ఎల్కానాకు ఏడు వికెట్లు పడ్డాయి. క్లే పిట్ గెలిచింది. సాయంత్రం లిస్టన్ అతని దగ్గరికొచ్చి, కొత్త బంతి ఎప్పటికీ నీదేనని ఒట్టేశాడు.

సోమవారం లీగు కార్యాలయానికి స్టోనీ గట్ జట్టు పదకొండు సంతకాలతో ఫిర్యాదు పెట్టుకుంది: వచ్చే మ్యాచ్‌లోనైనా ఎల్కానా ఇన్నిస్ తమను మనుషుల్లా చూసి, కాస్త బూతులు తిట్టవలసిందిగా ప్రార్థన.