పిలవకపోవడానికి ఇంగ్లీషులో ఐదు మాటలు

బుధవారం పొద్దున పరంజ్యోతి సారు పెట్టుకున్న పనులు మూడే. కొత్తగా తెల్ల రంగు వేయించిన వీధి తలుపును అలవాటు ప్రకారం తడిబట్టతో తుడవడం, టీ తాగడం, కొంపల్లికి పోయి సోమవారం అద్దాలు మార్చమని ఇచ్చి వచ్చిన కళ్ళజోడు తెచ్చుకోవడం. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి ఆయన. ఎవరూ అడగకపోయినా అర్థాలు చెబుతారు. అడిగితే ఇక పట్టుకోవడం కష్టం.

ఆ రోజు భార్య సుందరమ్మ అడిగింది.

"గల్లీ మొత్తానికి బొట్టు పెట్టి చెప్పిన్రంట. మన ఇంటికే రాలే. దీన్ని ఇంగ్లీషుల ఏమంటరు?"

పక్కింటి రాధమ్మ మనవరాలు అశ్రితకు ఆదివారం శామీర్‌పేటలో హాఫ్ శారీ ఫంక్షన్. సుందరమ్మ నర్సుగా చేసిన రోజుల్లో, ఆ పిల్ల పుట్టగానే చేతుల్లోకి తీసుకున్నది ఆమే. వోణీ వేసుకునే రోజున ముందు వరసలో కూర్చొని కళ్ళారా చూడాలని ఆమె ఆశ. ఆకుపచ్చ పట్టుచీర ఇస్త్రీ చేయించి సిద్ధంగా పెట్టుకుంది. పిలుపు లేకుండా ఏ మొహం పెట్టుకొని పోతుంది?

"ఓవర్‌లుక్," అన్నారు సారు టీ గ్లాసు కింద పెట్టి. "అంటే చూపు జారుడు. తప్పు కండ్లది, మనసుది కాదు."

"నడుమంత ఎత్తు గోడ మధ్యల. చూపెట్ల జారుతది?"

"అట్లయితే ఇగ్నోర్. కనబడ్డా కనబడనట్టు ఉండుడు."

సరిగ్గా అప్పుడే రాధమ్మ చెట్లకు నీళ్ళు పోయడానికి పెరట్లోకి వచ్చింది. గోడ ఇవతల సుందరమ్మను చూసి, బిందె అక్కడే దించి లోపలికి వెళ్ళిపోయింది.

"మరి గిదేంది?"

"అవాయిడ్! ఎదురుపడకుంట తప్పుకునుడు," అన్నారు సారు, మొహం వెలిగిపోతుండగా. ఉదాహరణ ఇంత వెంటనే దొరకడం ఆయన సర్వీసులో ఎన్నడూ జరగలేదు.

సుందరమ్మకు ముందు ఏడుపు వచ్చింది, తర్వాత కోపం వచ్చింది. పోయిన వారం రాధమ్మ గారెలు పంపిన స్టీలు గిన్నె వంటింట్లోనే ఉంది. ముప్పై ఏళ్ళలో ఆ గోడ మీదుగా ఒక్క గిన్నె కూడా ఖాళీగా వెళ్ళలేదు. పచ్చడో, పండో, ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరో వేసి ఇచ్చేవారు. సుందరమ్మ ఆ గిన్నెను తోమి, తుడిచి, ఖాళీగా గోడ మీద పెట్టింది.

పది నిమిషాల్లో గోడ మీద సుందరమ్మ గిన్నెలు రెండు ప్రత్యక్షమయ్యాయి. అవీ ఖాళీవే. దానికి జవాబుగా ఇటునుంచి రాధమ్మ ఇడ్లీ పాత్ర వెళ్ళింది. అటునుంచి పచ్చడి జాడీ వచ్చింది. సాయంత్రానికి ఆ గోడ స్టీలు సామాన్ల దుకాణంలా తయారైంది.

మర్నాడు కూరగాయల బండి దగ్గర సుందరమ్మ రావడం చూసి, రాధమ్మ తూకం వేయించిన టమాటాలు బండి మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

"నలుగురి ముందటనా?" అని అడిగారు సారు. అప్పటికి ఆయనకు కళ్ళజోడు వచ్చేసింది.

"ఆరుగురున్నరు."

"స్నబ్. అనుమానమే లేదు. మొహం మీదనే చిన్నబుచ్చుడు."

"దీని మీద ఇంకేమన్న ఉన్నదా?"

"ఆస్ట్రసైజ్. అందరు కలిసి వెలేసుడు. ఇగ దాని మీద ఏం లేదు."

"అదైతే మనమే జేద్దాం," అంటూ సుందరమ్మ ఫోను తీసింది. సుందరమ్మ వాళ్ళ చర్చికి వచ్చేవాళ్ళలో రాధమ్మ పిలిచిన కుటుంబాలు పన్నెండు. సుందరమ్మకు జరిగింది వినగానే, తాము కూడా పోయేది లేదని పన్నెండిళ్ళ వాళ్ళూ తేల్చేశారు. ఫోను పెట్టేశాక సుందరమ్మ చాలాసేపు పట్టుచీర వైపు చూస్తూ కూర్చుంది. గెలిచినట్టు ఆమెకేమీ అనిపించలేదు.

శనివారం పొద్దున రాధమ్మ వీధి గుమ్మంలోంచి వచ్చింది. వెనకాల కోడలు బిందు. ఎప్పుడూ గోడ మీదుగా మాట్లాడే మనిషి అలా చుట్టూ తిరిగి రావడం చూసి సుందరమ్మ లేచి నిలబడింది.

"బొట్టు వద్దనుకుంటే నోటితోని జెప్పొద్దా సుందరక్కా?" అంది రాధమ్మ. "తుడిసేస్తవా?"

"ఏం బొట్టు?"

బిందు ముందుకు వచ్చింది. "సోమారం వచ్చిన పెద్దత్తమ్మా. మీ ఇంటికి తాళమున్నది. పిలిసినట్టు గుర్తుండాలె గదా అని తలుపుకు బొట్టు పెట్టి పోయిన. సాయంత్రం మల్ల చెప్దామని వస్తే తుడిసేసున్నది. తడి గూడ ఆరలే."

"మీరు ప్రార్థనోళ్లు, మా బొట్టు మీకు పడలేదేమో అనుకున్న," అంది రాధమ్మ. "మొహమెట్ల సూపియ్యాల్నో తెల్వక తప్పించుకోని తిరిగిన. ఇగ ఖాళీ గిన్నె వచ్చినంక, నిజమే అనుకున్న."

"నొసట పెట్టుకోను గని, నువ్వు పిలిసిన పిలుపును తుడుస్తనా రాధమ్మా? సోమారం నేను మేడ్చల్‌ల ఆడోళ్ల కూడికకు పోయిన. సారు కొంపల్లికెళ్లి నాకన్న ముందొచ్చిండు."

ముగ్గురు ఆడవాళ్ళూ ఒకేసారి తలుపు వైపు తిరిగారు. అక్కడ పరంజ్యోతి సారు నిలబడి ఉన్నారు. కళ్ళకు కొత్త అద్దాలు, చేతిలో తడిబట్ట.

"ఎర్రగ ఏదో మరక లెక్క కనబడ్డది," అన్నారు ఆయన మెల్లగా. "ఆ రోజు కండ్లజోడు లేకుండె. అంటే... మొదటిదే. ఓవర్‌లుక్."

బిందు అప్పటికప్పుడు కుంకుమ భరిణె తెచ్చి తలుపుకు మళ్ళీ బొట్టు పెట్టింది, ఈసారి దారిన పోయేవాళ్ళకు కూడా కనబడేంత. సుందరమ్మ పన్నెండిళ్ళకూ మళ్ళీ ఫోను చేసింది. గోడ మీద మిగిలిన గిన్నెల్లో మధ్యాహ్నానికల్లా పప్పు ఒకదాంట్లో, పాయసం ఒకదాంట్లో చేరాయి.

ఆదివారం ఫంక్షన్‌లో అశ్రిత లంగా కుచ్చిళ్ళు పట్టుకొని వచ్చి, ముందు వరసలో ఆకుపచ్చ పట్టుచీరను చూసి వంగి మొక్కింది. సుందరమ్మ ఆ పిల్లను మళ్ళీ ఒకసారి రెండు చేతుల్లోకి తీసుకొని, అందరి ముందూ ఏడ్చేసింది. వెనక కూలర్ పక్కన పరంజ్యోతి సారు ఒక్కరే కూర్చున్నారు. భార్య అటు తిరగలేదు. రాధమ్మ అన్ని బల్లల దగ్గరా ఆగి పలకరించి, ఆయన బల్ల దాటి పోయింది. చర్చి వాళ్ళ పన్నెండు కుటుంబాలూ వేరే బల్లలు చూసుకున్నాయి.

అందరూ కలిసి ఒక మనిషిని ఇలా కూర్చోబెడితే ఏమంటారో ఆయనకు బాగా తెలుసు, కానీ ఆ రోజు ఎవరూ అడగలేదు.