ఊదారంగు రాణి అపహరణ

“ఎవరూ కదలొద్దు! తలుపులు మూయండి! నేరాన్ని వాసన పట్టే ముక్కు ఈ గదిలో ఒక్కటే ఉంది. అది నాది!”

అలా ప్రకటించి, డిటెక్టివ్ డేగకన్ను గట్టిగా తుమ్మాడు. ఆ కొట్టుకి ఉన్నదే ఒక్క తలుపు. అదీ సరిగ్గా మూసుకోదు.

డేగకన్ను అన్న బిరుదు అతనికి ఎవరూ ఇవ్వలేదు, తనే తగిలించుకున్నాడు. కళ్ళజోడు తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో, మేకుకు వేలాడే చొక్కానో పోల్చుకోలేడు. వారమంతా ఫోటోకాపీ షాపులో పనిచేసి, సెలవురోజు మాత్రం తాతగారి పాత రేకు ఫ్లాస్కు భుజాన వేలాడదీసుకుని, జేబులో భూతద్దంతో అక్క కొట్టు మీద పడతాడు. క్రితం నెల, ఇంటింటి దగ్గరా ఆగి తొంగిచూస్తున్నాడని ఒక మనిషిని సాయంత్రం దాకా వెంబడించి పట్టుకున్నాడు. తీరా చూస్తే అతను పోస్ట్‌మేన్.

అక్కది ఆటల కొట్టు. బల్ల మీద కొండలూ కోటలూ అమర్చుకుని, బొటనవేలంత సైనికులతో పెద్దవాళ్ళు యుద్ధాలు చేసుకునే చోటు. ప్లాస్టిక్ బొమ్మలు కొనుక్కెళ్ళి, సన్నటి కుంచెతో రంగులు వేసుకుని తెచ్చుకోవాలి. దానికి నియమాలు రాసి గోడకు అంటించింది అక్క. ఎవరి సైన్యానికి వాళ్ళే రంగు వెయ్యాలి, రంగు లేని బోడి బొమ్మ బల్ల ఎక్కకూడదు, నాయకుడు లేని సైన్యం పోటీలో దిగకూడదు. అన్నిటికన్నా పెద్దక్షరాలతో ఎర్రగా రాసింది వేరే ఉంది. అడగకుండా ఇంకొకరి బొమ్మను కదిపినవాళ్ళు కూర్చుని కొట్టు బొమ్మలకు రంగులు వెయ్యాలి.

తను రాసిన నియమాలే ఇవాళ అక్క పీకల మీదికి వచ్చాయి.

పోయింది టైలరమ్మ సైన్యానికి నాయకురాలైన రాణి బొమ్మ. చేతులు వణుకుతున్నాయని కుట్టుమిషనుకు ముసుగు కప్పేసి దిగులుగా కూర్చున్న మనిషిని, అక్కే బతిమాలి కుంచె పట్టించింది. ఊదారంగు అంగీ, దాని అంచున వెంట్రుకంత బంగారు గీత. ఆ గీత కుదిరేదాకా టైలరమ్మ ఎన్నిసార్లు ఊపిరి బిగబట్టిందో అక్క కళ్ళారా చూసింది. ఇవాళ ఆవిడ మొదటి పోటీ. సైన్యాన్ని రేకు డబ్బాలో తెచ్చుకుంది. దారిలో దొర్లిపోకుండా బొమ్మల అడుగున అయస్కాంతం ముక్కలు అతికించుకోవడం ఇక్కడందరికీ అలవాటే, ఆవిడా అలాగే చేసింది. అందరినీ బల్ల మీద నిలబెట్టి, కళ్ళజోడు కడుక్కోవడానికి వెళ్ళొచ్చేసరికి రాణి లేదు.

“ఇందాకే బల్ల మీదికి వంగి రాణిని పరిశీలించాను, అప్పుడుంది. అటు తిరిగాను, అంతే! ఎంత తెగింపు! డేగకన్ను వీపు వెనకే నేరం!” అన్నాడు తమ్ముడు.

“నువ్వు ముందు ఆ ఫ్లాస్కు పక్కన పెట్టరా. ఎవరికో ఒకరికి తగిలేలా ఉంది.”

“డిటెక్టివ్ ఎప్పుడూ సర్వసన్నద్ధంగా ఉండాలక్కా!”

బల్లల కింద పాకాడు. చెత్తబుట్టను ప్రశ్నించినంత పని చేశాడు. గుమ్మం దగ్గర బూటు అచ్చు కనిపెట్టి, భూతద్దంతో కొలిచి, “ఆరడుగుల మనిషి, కుంటివాడు” అని తేల్చాడు. ఆ అచ్చు అతని బూటుదే. చివరికి టైలరమ్మకు ఎదురు ఆడాల్సిన బ్యాంకు గుమాస్తా ముందు నిలబడ్డాడు.

“పోయిన వారం ఈ సమయానికి మీరెక్కడున్నారు?”

“ఇక్కడే. ఒక్క బొమ్మకి రంగు లేదని మీ అక్కగారు నన్ను ఇంటికి పంపేశారు కదా.”

“ఆహా! పగ! మీ వేళ్ళకి ఊదారంగు ఎందుకుంది?”

“నా సైన్యం కూడా ఊదారంగే బాబూ.”

“నేరస్థులందరూ ఇదే చెప్తారు!”

గుమాస్తా నిట్టూర్చి జేబులు తిరగేసి చూపించాడు. చేతిరుమాలూ, సగం కొరికిన బిస్కెట్టూ రాలాయి. డేగకన్ను ఆ బిస్కెట్టును వాసన చూసి, సాక్ష్యం కింద తినేశాడు.

అక్కకు తల కొట్టేసినట్టయింది. అప్పటికే టైలరమ్మ ఒక్కో సైనికుణ్ణి తీసి డబ్బాలో పెట్టుకుంటోంది.

“పోనీలేమ్మా. ఈ వయసులో నాకెందుకివన్నీ? ఇంటికెళ్తాను.”

వెళ్తే ఈ మనిషి మళ్ళీ కుంచె ముట్టదని అక్కకు తెలుసు. ఆడుకోండి పిన్నీ అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. కానీ పోయిన వారం ఇదే గుమాస్తాను నిలబెట్టి పంపేసిన నోరు అది. ఎటూ పాలుపోలేదు.

“మేడమ్, ఆవిణ్ణి రాణి లేకుండానే ఆడనివ్వండి, నేనేమీ అనుకోను,” అన్నాడు గుమాస్తానే. “ఆ రోజు మీమీద కోపమొచ్చిన మాట నిజమే. ఆ కోపంతోనే అన్నిటికీ మళ్ళీ రంగులేశాను. ఇప్పుడు బాగున్నాయి కదా?”

నిజంగానే బాగున్నాయి.

“వద్దు బాబూ,” అంది టైలరమ్మ. “కొలత తప్పిన చొక్కా నేనెప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు. నియమం తప్పిన ఆట నాకొద్దు.”

“ఆగండి!” డేగకన్ను కుర్చీ ఎక్కాడు. “కేసు కొలిక్కి వచ్చింది! దొంగ ఈ గదిలోనే ఉన్నాడు! పేరు చెప్పే ముందు కాస్త గొంతు తడుపుకుంటాను.”

ఫ్లాస్కు మూత తీసి, తల వెనక్కి వాల్చి గటగటా తాగాడు. అడుగున మిగిలిన టీ రాలేదు. ఫ్లాస్కును ఇంకా పైకెత్తి దులిపాడు.

గదిలో అందరి తలలూ ఒక్కసారిగా పైకి లేచాయి.

“ఆశ్చర్యపోయారా? నా మేధస్సు చూసినవాళ్ళెవరైనా ఇలాగే అవుతారు.”

“ఒరేయ్,” అంది అక్క, “ఫ్లాస్కు అడుగున రాణి అతుక్కుని ఉందిరా.”

“ఏదీ?” అని గిర్రున తిరిగాడు. భుజాన ఉన్న ఫ్లాస్కూ అతనితోపాటే వెనక్కి తిరిగింది. “ఎక్కడా లేదే!” అని ఇటు తిరిగాడు. అదీ ఇటు తిరిగింది. కుర్చీ మీద నాలుగైదు చుట్లు తిరిగి కళ్ళు బైర్లు కమ్మి కూలబడ్డాక గానీ ఫ్లాస్కు చేతికి చిక్కలేదు.

అది పట్టుకున్నది గుమాస్తా. వెంటనే తియ్యలేదు. గోడ మీది ఎర్రక్షరాల వంక ఓసారి చూసి, “టైలరమ్మగారూ, తియ్యొచ్చా?” అని అడిగాడు.

“తియ్యి నాయనా,” అందావిడ. బంగారు గీత ఎక్కడా చెదరలేదు. రాణిని అరచేతిలో పెట్టుకుని టైలరమ్మ చిన్నపిల్లలా నవ్వింది. అక్క పైటతో కళ్ళు తుడుచుకుంది.

“రాణి గది దాటలేదని నేను చెప్పలేదూ?” అన్నాడు డేగకన్ను నేలమీద నుంచే. “శత్రువుల చేతికి చిక్కకుండా నా దగ్గరే భద్రపరిచాను!”

అక్క గోడ వైపు వేలు చూపించింది. ఎవరికీ మినహాయింపు లేదు, తమ్ముడికి అసలే లేదు.

మూల బల్ల దగ్గర బోడి సైనికుల గుట్ట ముందు కూర్చోబెట్టి, చేతికి కుంచె ఇచ్చి, కుంచె కడుక్కోవడానికి కప్పుతో నీళ్ళు పెట్టింది. జాలేసి పక్కనే మరో కప్పులో టీ కూడా పెట్టింది. అతను గంభీరంగా పచ్చరంగు కుంచెను టీలో ముంచి కడిగాడు. తర్వాత అదే కప్పెత్తి ఒక్క గుక్క తాగాడు.

“విషం! ఎవరో విషం కలిపారు! ఎవరూ కదలొద్దు! తలుపులు మూయండి!” అని పచ్చటి నాలుక బయటపెట్టి అరిచాడు.

ఒక్కరూ అటు చూడలేదు. టైలరమ్మ రాణిని ముందుకు జరుపుతోంది. ఆ చెయ్యి కాస్త వణికింది. రాణి మాత్రం ఆవిడ అనుకున్న చోటే నిలబడింది.