కారు దించిన పుణ్యం

వీరరాఘవులు గారి ఫారిన్ కారు రోడ్డు మధ్య గట్టు మీద పొట్ట ఆనించి బోర్లా పడుకుని ఉంది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి గానీ నేలకు ఆనడం లేదు. ముందుకు పోదు, వెనక్కి రాదు. మూడింటికల్లా ఆత్మకూరులో టెండరు కవరు పెట్టెలో పడకపోతే ఆయన పని గోవిందా! వెనకాల ఉదయగిరి బస్సు హారన్ మోగిస్తోంది. పక్కనుంచి పోదామంటే రెండు వైపులా లోతైన కాలవలు, వాటి నిండా చిల్లచెట్ల ముళ్లకంప.

ఆ కారు వెనక సీట్లో నేనూ ఉన్నాను. లిఫ్ట్ ఇస్తానంటే ఎక్కాను. ఇప్పుడు నెత్తిన బొప్పి కట్టింది. ఆ బొప్పి సాక్షిగా చెబుతున్నాను, కారును కిందికి దించడాన్ని మించిన ప్రజాసేవ ఈ దేశంలో లేదు!

నవ్వకండి. ఈ కారు ఇదివరకు ఇలా ఉండేది కాదు. స్ప్రింగుల బదులు నాలుగు చక్రాల దగ్గరా గాలి నింపిన రబ్బరు తిత్తులు ఉండేవి. ఎయిర్ సస్పెన్షన్ అంటారు. బరువు ఎటు పడితే అటు గాలి నింపుకుని కారు తనంతట తానే సమంగా నిలబడేది. కింద రోడ్డు ఎన్ని కుప్పిగంతులు వేసినా లోపలివాళ్లు పెళ్లిపీటల మీద కూర్చున్నట్టే!

అంతకంటే పెద్ద మోసం ఉంటుందా?

ఉదయగిరిలో కప్పులో పోసిన కాఫీని దారి పొడుగునా తాగేవారు వీరరాఘవులు గారు. చుక్క ఒలికేది కాదు. రోడ్డు బాగాలేదని ఆఫీసులో ఎవరైనా అర్జీ పెడితే, ఆయన తన తెల్లచొక్కా చూపించి, కాఫీ మరక ఎక్కడుందో వెతకమనేవారు. మరక లేదు కాబట్టి గుంత లేదు. ఆఫీసువాళ్లు అర్జీ కొట్టేసేవారు. పాపం ఆయన అబద్ధం ఆడలేదండీ. అబద్ధమంతా తిత్తులదే!

ఆ తిత్తులు మన ఎండకూ మన దుమ్ముకూ పగిలాయి. తెల్లారేసరికి కారు ముసలి గేదెలా చతికిలపడి ఉండేది. కొత్తవి కావాలంటే ఓడ దిగి రావాలి. మద్రాసు మెకానిక్ ఒకడు తిత్తులు పీకేసి, ఎత్తు మార్చుకునే స్ప్రింగులు బిగించాడు. వాటి రింగు ఇటు తిప్పితే కారు పైకి, అటు తిప్పితే కిందికి. వీరరాఘవులు గారు చివరిదాకా కిందికే తిప్పించారు. నేలను రాసుకుంటూ పోయే కారంటే మద్రాసులో అదో హోదా అట.

ఎంత పుణ్యం చేసుకున్నారో చూడండి! గుళ్లో దేవుడి ముందు కూడా వంచని నడుము, ఇప్పుడు కారెక్కడానికి రోజూ వంచుతున్నారు. కిటికీలోంచి చూస్తే మేకలు కళ్లలో కళ్లు పెట్టి పలకరిస్తున్నాయి. దారిలో ఒక కోడిపెట్ట ఆయన్ని తల దించి మరీ చూసింది. ప్రతి రాయీ సీటు కింద తలుపు తట్టి తన కష్టం చెప్పుకుంటోంది. ప్రజల వద్దకు వెళ్లడమంటే ఇంకేమిటి? ఇంజనీర్లకూ, మంత్రులకూ ఇలాంటి కార్లే ఇవ్వాలి. నడుము నొప్పిని మించిన తనిఖీ అధికారి ఉన్నాడా?

సరే, గట్టు దగ్గరికి వద్దాం. మర్రిపాడు వైపు నుంచి వచ్చే లారీలు తారును తొక్కీ తొక్కీ రెండు గాడులు చేశాయి. మధ్యలో గట్టు మిగిలింది. లారీలు దాన్ని దాటుకుని పోతాయి. మా కారు దాని మీద కూర్చుంది.

డ్రైవర్ హెన్రీ జాకీ పట్టుకుని దిగాడు. రింగు తిప్పి కారును లేపాలంటే ముందు జాకీ పెట్టాలి. జాకీ లోపలికి దూరాలంటే ముందు కారు లేవాలి! చెట్టు ముందా విత్తు ముందా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వీరరాఘవులు గారు మాత్రం వెంటనే తేల్చేశారు. తప్పు హెన్రీదే. రేపటి నుంచి పనిలోకి రావద్దన్నారు. హెన్రీ దుమ్ములో పడుకుని కారు కిందికి చెయ్యి పెట్టాడు.

బస్సు ఖాళీ అయింది. రాహేలమ్మ అనే పెద్దావిడ గంప దించింది. అందులో ఏ.ఎస్. పేట దర్గా దగ్గరి అంగళ్లకు తీసుకుపోతున్న ఉదయగిరి చెక్క గరిటెలు ఉన్నాయి. గట్టును తవ్వితే తప్ప బస్సు కదలదని చెప్పి, తలా ఒక గరిటె చేతిలో పెట్టింది.

తవ్వారు. గవర్నమెంటు తారు రోడ్డును, అయ్యా, వంటింటి గరిటెతో! రాచ్చిప్పలోంచి పచ్చడి తోడినట్టు వచ్చేసింది. ఒక్క గరిటె విరగలేదు.

ఆ టెండరు దేనికో చెప్పలేదు కదూ? ఈ రోడ్డు మరమ్మతుకే.

ఇన్నాళ్లూ నల్ల అద్దాల వెనకే ఉన్నారు కాబట్టి వీరరాఘవులు గారి ముఖం ఎవరికీ తెలియదు. పాపం ఎవరో పెద్దాయన అవస్థ పడుతున్నాడని జాలిపడి తవ్వుతున్నారు. తవ్వుతూ ఆ రోడ్డు వేసినవాడిని తిడుతున్నారు. అందరూ తిడుతుంటే తను ఊరుకుంటే బాగుండదని ఆయనా తిట్టారు. అందరికంటే కాస్త నెమ్మదిగా.

"ఆ రోడ్డేసినోడు గానీ నాకు దొరికితే," అంది రాహేలమ్మ, "తవ్విన మన్నంతా వాడి బండి కిందే మళ్లీ పూడుస్తా. బస్సు పోకపోతే పాయె, నడిసి పోతా."

వీరరాఘవులు గారు వాచీ చూసుకున్నారు. గట్టు సగానికి పైగా కరిగింది. కారు కొంచెం కదిలింది. ఇంకొక్క పది గరిటెలు పడితే చాలు! అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఆత్మకూరు చేరిపోయేవారే.

"రోడ్డుదేముందిలేమ్మా," అన్నారు. "తప్పంతా మా డ్రైవరుది. చూసుకోకుండా తోలినాడు."

రాహేలమ్మ కారు కిందికి వంగి చూసింది. "ఏందబ్బయ్యా, కళ్లు యాడ పెట్టుకోని తోలినావు?"

హెన్రీ మెల్లగా బయటికి వచ్చాడు. ముఖం నిండా ఎర్రదుమ్ము. వీరరాఘవులు గారు కళ్లతోనే ఏదో సైగ చేశారు. రేపటి మాట మళ్లీ ఆలోచిద్దామన్నట్టుంది.

"తోలింది నేనే అవ్వా," అన్నాడు హెన్రీ. "రోడ్డేసింది నేను గాదు."

"మరెవురంట?"

గరిటెలన్నీ ఆగాయి. హెన్రీ ముఖం తుడుచుకున్నాడు.

"ఇందాకట్నించీ మీరు తవ్వి బయటికి తీస్తా ఉండారే, ఈయనే. కాంట్రాక్టరు వీరరాఘవులు."