టైలరు మాస్టరు క్రేఫిష్‌ను గీసిన ఘట్టము

రాజులు అంతరించిన కాలమున, రథమొకటి వచ్చినను నిలుపుటకు చోటు చాలని వీధిలో, పైయింటి మిక్సీ ఘోషయు ఎదురింటి మోటారుసైకిలు గర్జనయు దిక్కులు పిక్కటిల్లజేయుచుండగా, ఆదివారము మధ్యాహ్నము మూడు గంటల వేళ, ఒక అద్దెయింటి ముందుగదిలో, రెండు కుట్టుమిషన్ల నడుమ, ఒక భీకరసంగ్రామము మొదలయ్యెను. శ్రద్ధగా వినుడు. మధ్యలో లేచి ఫోను చూచుకొనువారికి మరల మొదటినుండి చెప్పు ఓపిక నాకు లేదు.

వీరుడెవ్వడందురా? కర్తరీధరుడు, కొలతటేపు కంఠహారుడు, బొజ్జలుగల పెద్దమనుషులెందరినో కోటుగుండీల వెనుక బంధించిన ప్రచండబాహుడు, ముప్పదియేండ్లుగా వీధివారందరును "మాస్టరు" అని పిలుచు దర్జీశిఖామణి. చొక్కా చేతికి నున్నని వంపు తీయుటలో ఆయనకు సాటివాడు లేడు. అయితే చెట్టును గాని పిట్టను గాని ఆయన జన్మలో గీసియెరుగడు.

శత్రువు బల్లమీది గాజుతొట్టెలో ఉండెను. దాని పేరు క్రేఫిష్. రొయ్య యనుకొందమా, పీతకున్నట్లు పట్టకారు చేతులు రెండున్నవి. పీత యనుకొందమా, రొయ్యకున్నట్లు తోకయున్నది. మంచినీట రాళ్ళసందున కాపురముండి, బెదిరినచో తోక కొట్టి వెనుకకు ఉరుకు జీవి. ఒళ్ళు జానెడైనను లేదు గాని పొగరు మాత్రము మూరెడు.

ఇది దర్జీయింటికి ఎట్లు వచ్చెనో చెప్పెదను. మాస్టరు కూతురు, ఇంటిలో "చిన్నది" అని పిలువబడు బాలిక, మూడవ తరగతి. ఆ తరగతివారు ఈ జీవిని పెంచుచున్నారు. ప్రతి శుక్రవారము ఒక పిల్ల దానిని తొట్టెతో ఇంటికి కొనిపోయి, సోమవారము ఉదయము తిరిగి తేవలెను. తెచ్చునప్పుడు ఇంటి పెద్దలలో ఒకరు దానిని చూచి స్వహస్తముతో గీసిన బొమ్మ వెంట రావలెను. అది టీచరమ్మ శాసనము. కిందటివారము ఇంజనీరుగారి కూతురు తెచ్చిన బొమ్మ, స్కేలు పెట్టి గీసినది, నీడలు దిద్దినది, తరగతి గోడమీద వెలుగుచుండెను. దానిని చూచి ఊరకుండలేక చిన్నది, "మా నాన్న రోజూ గీతలే గీస్తాడు. ఇంతకన్నా బాగా గీస్తాడు" అని నిండుసభలో పలికెను. అందుకు ఇంజనీరుగారి కూతురు ఒక్కమాటే అనెను: "గుడ్డ మీద సుద్దతో గీసేది బొమ్మెలా అవుతుంది?"

ఆ మాట శుక్రవారమునుండి చిన్నదాని గుండెలో ముల్లై గుచ్చుకొనియుండెను. శనివారమంతయు గిరాకీ వదలలేదు. ఆదివారము భోజనములైన వెంటనే ఆమె తెల్లకాగితముల కట్టను తెచ్చి తండ్రి యెదుట పెట్టెను.

"నాన్నా, నేను అందరి ముందూ చెప్పేశాను. బొమ్మ బాగా రాకపోతే రేపు నా పరువు పోతుంది."

"నీకు పరువెప్పుడొచ్చిందే?"

"మూడో తరగతికి వచ్చినప్పుడు."

అంతట మాస్టరు హృదయాంతరాళమున ఇట్లొక గర్జన పుట్టెను: "ఏమీ! ఏ సుద్దముక్క తాకినంతమాత్రమున మూడుగజముల మూగగుడ్డ కోటై లేచి సభలకు నడచిపోవునో, ఆ సుద్దముక్కకా ఈ అవమానము! ఓరీ జలచరాధమా, నీ మీసములు, నీ తోక, నీ కాళ్ళు, సర్వమును సూర్యాస్తమయములోపల ఈ కాగితముపై పరుండబెట్టనేని, నేను సూదిలో దారమెక్కించుట మానివేయుదును!" ఇదంతయు లోలోపల. పైకి మాత్రము, "సరేలే, ఆ పెన్సిలిటు పడెయ్" అనెను.

చిన్నది బడి లైబ్రరీనుండి యుద్ధశాస్త్రమొకటి తెచ్చియుండెను. అందు క్రేఫిష్‌ను ఆరు మెట్లలో గీయుట ఎట్లో కొత్తవారికి బోధింపబడెను. మొదటిమెట్టున గుడ్డువంటి ఒళ్ళు. రెండవదానిలో ఐదు పట్టీల తోక, దాని కొసన విసనకర్ర. మూడవదానిలో పట్టకారు చేతులు, నాలుగవదానిలో ఎనిమిది కాళ్ళు, ఐదవదానిలో కళ్ళును మీసములును. ఆరవమెట్టున "ఇప్పుడు మిగతా వివరాలు చేర్చండి" అని ఒక్క వాక్యమే. ఆ గ్రంథకర్త ఎవ్వడో గాని, ఆరవమెట్టు దగ్గర వానికి భోజనపువేళ అయియుండును.

మాస్టరు గుడ్డు గీసెను. గీసి, తనకు తెలియకయే, దానిచుట్టును అరయంగుళము ఎడముగా మరియొక గుడ్డు గీసెను. తోక గీసెను, తోకచుట్టును మరియొక తోక మొలిచెను.

"రెండో గీత దేనికి నాన్నా?"

"కుట్టుకి వదలాలి కదా."

"కాగితాన్ని ఎవరు కుడతారు?"

రెండవ మిషనువద్ద కాజాలు కుట్టుచున్న ఇల్లాలిని న్యాయనిర్ణేతగా పిలిచిరి. ఆమె చేతిపని ఆపక, కళ్ళజోడు పైనుండి ఒకసారి చూచి, "దిండు గలీబు. బానే ఉంది, ఎవరిది?" అనెను. తొట్టెలో శత్రువు మీసములు ఊపెను. నవ్వెనని నేననను, గాని చిన్నది అట్లే అనుకొనెను.

రెండవ దండయాత్రలో మాస్టరు మనసును అదుపుచేసి అదనపు గీతను నిగ్రహించెను. పదినిమిషములు తల ఎత్తలేదు. ఒక చేయి, నాలుగు కాళ్ళు, ఒక కన్ను, ఒక మీసము, నిలువునా సగము ఒళ్ళు, సగము తోక గీసి, పెన్సిలును చెవిమీద పెట్టుకొని, పని ముగిసినవానివలె లేచెను.

"సగమే గీశావేంటి?"

"మిగతా సగం మడతలో ఉంది."

వినువారలారా, ఇది పిచ్చిమాట కాదు. దర్జీ గుడ్డను మడిచి, ఒక సగమే గీసి, రెండు పొరలు కలిపి కత్తిరించును. విప్పినచో రెండవ సగము తానే ప్రత్యక్షమగును. ముప్పదియేండ్లుగా మాస్టరు ఏ వస్తువును నిండుగా గీసియెరుగడు.

"అయితే మడత విప్పు మరి" అనెను చిన్నది.

అంతట మాస్టరుకు ఉపాయము తట్టెను. కాగితమును నడిమికి మడిచి, గుడ్డమీద గుర్తులు దించు పళ్ళచక్రమును గీతవెంట టకటక దొర్లించి, మడత విప్పి, చుక్కలను పెన్సిలుతో కలిపెను. కలిపినకొలది రెండవ కన్ను తెరచుకొనెను, రెండవ చేయి చాచుకొనెను. ఇటు పట్టకారు ఎంతయో అటు పట్టకారు అంతయే. ఇల్లాలు ఈసారి కళ్ళజోడు సరిచేసికొని, "అచ్చం పుస్తకంలోదే" అని తీర్పుచెప్పెను. మాస్టరు అద్దములో చూచుకొని మీసము దువ్వుకొనెను.

చిన్నది మాత్రము నవ్వలేదు. తొట్టెవంక చూచెను, కాగితమువంక చూచెను, మరల తొట్టెవంక చూచెను.

"ఇది మనది కాదు నాన్నా."

"ఏం, బాలేదా?"

"బావుంది. కానీ మనదానికి ఎడం చెయ్యి పొట్టిది. ఎప్పుడో రాయి కింద ఇరుక్కుని ఊడిపోయింది. ఇప్పుడు మళ్ళీ మొలుస్తోంది. పెంకు వదిలినప్పుడల్లా కాస్త కాస్త పెరుగుతుందని టీచర్ చెప్పింది. ఇది చూస్తే, మీ నాన్న పుస్తకం చూసి దించేశాడంటారు."

చివరిమాట దగ్గర చిన్నదాని కళ్ళలో నీళ్ళు తిరిగినవి. ఏడ్వకుండుటకు ఆమె రబ్బరును గట్టిగా పట్టుకొనెను. అది చూచి మాస్టరుకు నిజముగా సిగ్గువేసెను. ఒక్కమారు ఆలోచించి చూడుడు: ముప్పదియేండ్లలో ఆయన కొలత తీయక కత్తెర పట్టలేదు. మొదటిసారి బిడ్డ పరువు తన చేతికి వచ్చిననాడే కొలత తీయలేదు.

"రెండు భుజాలూ ఒక్కలా ఉన్న మనిషిని నేనింతవరకు చూడలేదు. ఇది తెలిసి కూడా కొలవకుండా గీశాను చూడు, బుద్ధి లేక. కొలతల పుస్తకం పట్రా తల్లీ."

ఇక అసలు యుద్ధము. మాస్టరు కంఠసీమనుండి కొలతటేపును సర్రున లాగి, చొక్కాచేతులు మోచేతిపైకి మడిచి, వృత్తిధర్మము తప్పక, "సార్, చెయ్యి కొంచెం చాపండి" అని తొట్టెలోనికి టేపు దించెను. క్రేఫిష్ చేయి చాపెను. చాపి, టేపును పదునాలుగవ అంగుళము దగ్గర కరచిపట్టెను. మాస్టరు లాగెను. అది లాగెను. నీళ్ళు చిందెను, గులకరాళ్ళు దొర్లెను, ఒక ప్యాంటు బొత్తిగా తడిసెను. అది రేపు ఇవ్వవలసిన వేరొకరి ప్యాంటు.

"వదలండి, టేపు సాగిపోతుంది. రేపట్నుంచి అందరి నడుములూ తప్పొస్తాయి" అని ఇల్లాలు కేకవేసెను.

"నేనెక్కడ పట్టుకున్నాను? అదే పట్టుకుంది."

"పెద్దవారు మీరే కదా, మీరే వదలండి."

పెద్దవాడు వదలెను. అదియును వదలెను. తరువాత మహావీరుడు తడిసిన టేపుతో, తడిసిన పొట్టతో, మోకాళ్ళపై కూర్చుండి, శత్రువును గాజుకు ఇవతలనుండి ముఖాముఖి చూచెను. అది కోపముతో రెండు చేతులను బారుగా చాపి ఎత్తిపట్టెను. కదలలేదు. మాస్టరు జన్మలో ఏ గిరాకీయు కొలతకు ఇంత బుద్ధిగా నిలిచియుండలేదు. ఆయన మెల్లగా టేపును గాజుకు ఇవతలివైపు ఆనించెను.

"రాసుకో. కుడి చెయ్యి, రెండుంబావు."

"రెండుంబావు."

"ఎడమ చెయ్యి, ఒకటిన్నర. తోక, రెండు. నడుము..." అని ఒక క్షణము తటపటాయించి, "నడుము లేదు, కొట్టెయ్" అనెను.

చిన్నది అంతయు కొలతల పుస్తకములో వ్రాసెను. పేరు అన్నచోట "తొట్టెలో సార్" అనియు, ఎప్పటికి కావాలి అన్నచోట "సోమవారం ఎనిమిదింటికి" అనియు వ్రాసెను. పిమ్మట మాస్టరు గీసిన బొమ్మకు ఆల్టరేషను ఆరంభించెను. ఎడమచేతిని రబ్బరుతో తుడిచి, ముప్పావు అంగుళము కుదించి, కొత్త పట్టకారును చిన్నదిగా, పిల్లల చొక్కాకు కాలరు కుట్టునంత జాగ్రత్తగా గీసెను. అంతటితో ఆగక, ఆ పొట్టిచేతి చుట్టును, కుడిచేతి కొలతకు సరిగా, సన్నని చుక్కలగీత ఒకటి గీసెను.

"మళ్ళీ కుట్టుకి వదిలావా?" అనెను చిన్నది నీరసముగా.

"కాదే. నీ గౌనుకి అంచు లోపల గుడ్డ మడిచి ఉంచుతాను కదా, ఏడాది తిరిగితే విప్పుకోడానికి. దీని చెయ్యి పెరుగుతుందన్నావుగా."

చిన్నది తండ్రి మెడచుట్టును చేతులు వేసి, తడి టేపుతో కలిపి పట్టుకొనెను. ఇల్లాలు మిషను ఆపి, లేచి వచ్చి, బొమ్మను తొట్టెపక్కన పెట్టి చూచెను. "తొట్టెలోదే. పాపం, ఎడం చెయ్యి పొట్టిది" అనెను. అప్పటికి ఐదున్నర. ఎండ ఇంకను కిటికీలోనే ఉండెను.

మరునాడు ఉదయము తొట్టె బరువని మాస్టరే మోసుకొనిపోయి తరగతి గుమ్మమువద్ద నిలిచెను. పిల్లలు మూగిరి. ఇంజనీరుగారి కూతురు అందరిని తోసుకొని ముందుకు వచ్చి, తొట్టెలోనికి చూచి, బొమ్మలోనికి చూచి, వేలుతో ఒక చేయి, మరియొక చేయి లెక్కపెట్టి, "ఇది మనదే" అనెను. తరువాత చుక్కలను చూపి, "ఇవేంటి?" అని అడిగెను.

"పెరిగితే సరిపోడానికి మా నాన్న ఉంచాడు" అనెను చిన్నది.

ఇంజనీరుగారి కూతురు గోడమీది బొమ్మను, రెండుచేతులు సరిసమానముగా ఉన్నదానిని, చాలసేపు చూచెను. పిమ్మట గుమ్మమువద్దకు నడచి వచ్చి మాస్టరును అడిగెను.

"అంకుల్, మా నాన్న గీసినదానికి ఆల్టరేషన్ చేస్తారా?"

"చేస్తానమ్మా. కొలతలు ఎలాగూ మా దగ్గరే ఉన్నాయి."

కావున దశదిశలవారును వినుడు: ముప్పదియేండ్ల కత్తెర అనుభవముతో, ఒక సాయంత్రపు ఘోరయుద్ధమున, ఒక ప్యాంటును నీటపోగొట్టుకొని, మాస్టరు లోకమునుండి గెలిచి తెచ్చినది ముప్పావు అంగుళము. అది నేటికిని మూడవ తరగతి గోడమీద, కిటికీ పక్కన, చుక్కలగీత లోపల భద్రముగా ఉన్నది.