జిలేబీ వరహాలు, తాళమున్న ఫ్రిజ్జు

మా ఆయన రెండు కాలివేళ్లు విశాఖపట్నం ఆస్పత్రిలో వదిలేసి, మిగతా మనిషి అరకు తిరిగొచ్చాడు. మళ్లీ తీపి ముడితే పాదం తీస్తామని, ఆపైన మోకాలని, డాక్టరు పంట్లాం కొలిచే దర్జీలా చేత్తో చూపించి మరీ చెప్పాడు. ఆ చెయ్యి ఎక్కడెక్కడ ఆగిందో నాకు ఇప్పటికీ కలలో కనిపిస్తుంది.

ఆయనకి మాత్రం ఏ కలలూ లేవు. రైలు దిగగానే అడిగిన మొదటి మాట, "జిలేబీ బండి ఉన్నాదా, ఎత్తీసినాడా?"

మా ఆయన్ని వరహాలరావు అంటే మా బజారులో ఎవరికీ తెలియదు. జిలేబీ వరహాలు అనాలి.

ఆయనకీ చావుకీ మధ్య అడ్డం నిలబడింది నేను కాదమ్మా, మా ఫ్రిజ్జు. మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు, బదిలీ మీద వెళ్లిపోతున్న రైల్వే ఇంజనీరు ఇంటి నుంచి తెచ్చాం. అప్పటికే అది పాతది. గుండ్రటి భుజాలు, మీగడ రంగు, కారు తలుపుకున్నట్టు పిడి. నలుగురు మోసుకొచ్చారు. ఈ నలభై ఏళ్లలో ఇంటికి రేకులు రెండుసార్లు మార్చాం, మా ఆయనకి పళ్లు ఒకసారి మార్చాం. దానికి మార్చింది తలుపు రబ్బరు ఒక్కటే.

అన్నిటికీ మించి దానికి తాళం ఉంది. ఆ రోజుల్లో బీరువాలకి లాగే ఫ్రిజ్జులకీ తాళంచెవి ఇచ్చేవారు. చుట్టాలకి పెట్టే కోవా, బెల్లం, ఆఖరికి పంచదార డబ్బా కూడా అందులో పెట్టి, చెవి నా పుస్తెలతాడుకి కట్టుకున్నాను.

ఆయన తలపిన్నుతో ప్రయత్నించాడు. గొడుగు పుల్లతో ప్రయత్నించాడు. చివరికి ప్రేమతో ప్రయత్నించాడు, నన్ను పేరు పెట్టి పిలిచి మరీ.

"ఓలే దేముడూ, ఆ తాడు బరువుకి మెడ నొప్పెడతాదేమో. కాసేపు తీసి పక్కనెట్టే."

"నువ్వు పోనాక ఎలాగూ తీసేత్తారు. ఇప్పుడేటి తొందర?"

ఆ మాట అనేసి, తాడు జాకెట్టులోకి తోసుకుని పొయ్యి దగ్గరికి పోయాను.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున్న లేచి చూస్తే ఫ్రిజ్జు గుర్రు వినపడలేదు. చెవి ఆనించి విన్నాను. లేదు. కబురు పెట్టకముందే మెకానిక్కు కూలింగు పైడయ్య వచ్చేశాడు. అప్పుడే అనుమానపడాల్సింది నేను.

"గ్యాసు ఎల్లిపోనాది మామ్మా. దీని ఆయువు తీరిపోనాది."

"నిన్న సాయంత్రం దాకా బాగున్నాది కదరా."

"మనుసులు మాత్రం సెప్పి పోతారా?"

నేను ఏడ్చాను. మా ఆయన నా వీపు నిమిరాడు. పెళ్లయ్యాక అది రెండోసారి.

"ఊరుకోయే. రెండు తలుపులది కొత్తది తెద్దాం."

"తాళం ఉంటాదా?"

"ఇప్పుడు ఫ్రిజ్జులకి తాళాలెవుడేత్తాడే? మనిసి మీద నమ్మకముండాల."

మళ్లీ నలుగురొచ్చి మోశారు. పాత ఇనుముకి పనికొస్తుందని పైడయ్య తన ఇంటికి పట్టుకుపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను.

కొత్తది అద్దంలా మెరిసిపోతోంది. దాన్ని వంటింట్లో పెట్టనివ్వలేదు మా ఆయన. ముందు గదిలో పెట్టించాడు.

"వచ్చినోళ్లు సూడాల కదా."

పగలంతా నేను పొయ్యి దగ్గరుంటాను, ముందు గదిలో ఉండను. ఆ సంగతి నాకు తరవాత తట్టింది.

శుక్రవారం సంతకి వెళ్లొచ్చాను. మంచు దట్టంగా పట్టింది, నోట్లోంచి పొగ వస్తోంది. ముందు గదిలో మా ఆయన నేల మీద చతికిలబడి తువ్వాలుతో ఏదో తుడుస్తున్నాడు. కాలి కట్టంతా ఎర్రగా తడిసింది. నా చేతిలో సంచి జారిపోయింది.

"అయ్యో, నెత్తురేటి?"

"నెత్తురు కాదే."

"మరేటిది?"

"స్ట్రాబెర్రీ."

పై అరలో, బఠానీల కింద, ఐస్‌క్రీము డబ్బా దాచాడు. అది కరిగి తలుపు సందులోంచి కారింది. ఊరంతా చలికి కంబళ్లు కప్పుకున్న రోజున మా ఇంట్లో ఐస్‌క్రీము కరిగింది.

పైడయ్యని పిలిపించాను.

"ఈ గదిలో సలికి కింద అర దానంతటదే సల్లబడిపోతాది మామ్మా. ఇంక పని నేదని మోటారు తొంగుంటాది. పై అర కరిగిపోతాది. పాతదైతే పొయ్యి పక్కన ఎచ్చగా ఉండి బాగా తిరిగేది. మా ఇంట్లో కూడా సక్కగా..." అని ఆగిపోయాడు.

"సచ్చిపోనాదన్నావు కదరా."

పైడయ్య మా ఆయన్ని చూశాడు. మా ఆయన ఇంటి రేకుల్ని చూశాడు.

"తాత ప్లగ్గు పీకీసి, గ్యాసు పోనాదని సెప్పమన్నాడు మామ్మా. ఫ్రిజ్జు నన్నట్టుకుపొమ్మన్నాడు."

నేను తిట్టలేదు. కూర్చుని కట్టు విప్పాను. మూడో వేలు పక్కన మినపగింజంత నల్లటి మచ్చ ఉంది.

"నిన్న ఇది నేదే" అన్నాడు ఆయన, చిన్నపిల్లాడి గొంతుతో.

మర్నాడు రైలెక్కాం. మూడో వేలు కూడా అక్కడే ఉండిపోయింది. పాదం దక్కింది. డాక్టరు ఈసారి చెయ్యి చాపి ఏమీ చూపించలేదు, ఆయన ముఖం వంక చూశాడంతే.

తిరుగు రైలు బొర్రా స్టేషను దాటింది. అప్పుడన్నాడు, "పాతది తెచ్చీమను."

పైడయ్య ఊరికే ఇస్తాడా? వాడి పెళ్లాం అసలు ఒప్పుకోలేదు. ఆఖరికి రెండు తలుపుల కొత్తది వాడింటికి వెళ్లింది, పాతది మా ఇంటికొచ్చింది. కొత్తదిచ్చి పాతది తెచ్చుకున్న మొనగాడని బజారంతా నవ్వింది. మా ఆయన తలొంచుకుని కర్ర పట్టుకు నడిచాడు.

పొయ్యి పక్కన నిలబెట్టేటప్పుడు పైడయ్య నా చెవిలో చెప్పాడు.

"తాళం పడదు మామ్మా. మా పిల్లగుంటలు లోపల దూరి తలుపేసుకుంటారని దాని నాలుక కోసీసినాను."

"తాతకి సెప్పకు" అన్నాను.

ఆ రోజే ఇంట్లో తీపన్నదంతా తీసి పక్కింటి వాళ్లకి ఇచ్చేశాను. ఇప్పుడు ఆ ఫ్రిజ్జులో కాకరకాయలు, చింతపండు గుజ్జు, ఆయన ఇన్సులిన్ ఉంటాయి. రోజూ పొద్దున్నే చెవి పెట్టి తిప్పుతాను. అది ఉత్తినే తిరుగుతుంది.

ఆయన స్టూలు మీద కాలు పెట్టుకుని చూస్తుంటాడు.

"యేసీసినావా?"

"యేసీసినాను."

పిడి పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. ఆయన ఇప్పటిదాకా లాగలేదు.

నిన్న పొద్దున్న చాలాసేపు దాని వంకే చూసి అడిగాడు, "లోపల కోవా పాడైపోదు కదే?"

"ఆ ఫ్రిజ్జులో ఏదీ పాడవదు" అన్నాను.